పదకొండు డబ్బాలు

కిలో పన్నెండు రూపాలంటడు పాతసామాన్ల కొమురెల్లి,
నల్ల డబ్బాలకైతే పది.
కాయితాలు తీసి వేరే కట్ట కట్టాలె,
ప్లాస్టిక్‌ల కాయితం కలిస్తే వాళ్ల సేటు తిడ్తడట.

నయీంనగర్‌ల మూడర్రలు ఖాళీ చేసి
కాజీపేట గేటు కాడ రెండర్రలకు పోతున్నం, రెండో అంతస్తు.
బీరువా రాదు. మెట్లు మలుపు తిరిగే కాడ ఇరుక్కుంటది.
స్వరూప టేపు వట్టుకపోయి కొలిచొచ్చింది.
"సిన్మాలు తెచ్చుకో, డబ్బాలొద్దు" అన్నది.
జాకెట్లు కుట్టిన పైసలతోని
జిప్పు సంచులు రెండు కొన్నది,
పేజీకి నాలుగు జేబులు.
ఆరువందల నలభై డబ్బాల సరుకు
పెండ్లి ఆల్బం లెక్క చంకల వెట్టుకొని బస్సెక్కొచ్చు.

నిజమే. లెక్కల తప్పులేదు.

పొద్దటి సంది తీస్తున్న.
నడుమ బొడ్డు మీద బొటనవేలు ఒత్తితే
టక్కుమంటది.
ముందటర్ర దుకాణంల పదిహేనేండ్లు విన్న సప్పుడు.
కొన్నిటికి పండ్లిరిగినయ్,
ఊపితే లోపట బిళ్ళ
ఎండిన చింతకాయల గింజ లెక్క గలగలమంటది.
అట్టల మీద నా రాతే:
"రాత్రి తొమ్మిది దాటితే ఇంకో రోజు కిరాయి."
"గీతలు వడ్డది, రెండో సగం ఆగుతది, టీవీని కొట్టకుండ్రి."
ఒకదాని మీద నాది కాని రాత, పెన్సిల్‌తోని:
"ఆఖరికి తల్లి చస్తది. అన్నం తిన్నంకనే చూడుండ్రి."

నాలా ఇంట్లకొచ్చిన వానకాలం యాదికొచ్చింది.
మోకాలెత్తు నీళ్లు, కరెంటు లేదు.
టార్చి కొడితే
కింది అరల డబ్బాలన్నీ తేలుతున్నయ్.
హీరోలంత ఎల్లెలుకల పండుకొని
వంటింటి దిక్కు మెల్లగ పోతున్నరు.
స్వరూప బియ్యం డ్రమ్ము మీద కూసొని నవ్వింది,
ఏడ్వాల్సిన కాడ నవ్వే మనిషి.
చీపురు కట్టెతోని ఒక్కొక్కటి గుంజినం.
తెల్లారి తుడిచి పెడితే అన్నీ నడిచినయ్.

"సంచి తేలదు గదనే" అన్న.
"రెండో అంతస్తుకు నాలా రాదు" అన్నది.
దానికి నా తాన జవాబు లేదు.

పొద్దుగూకంగ ఒకటి తెరిస్తే
టక్కుమనలే. లోపట ఏం లేదు.
కిరాయి నోటుబుక్కు దులిపి చూసిన:
"ఓదెలు, ఆటో, దేశాయిపేట. రెండు దినాలు."
ఇంకోటి ఖాళీ: "టీచరమ్మ, పిల్లలకు సెలవులు."
ఇంకోటి: "రఫియా బీ కొడుకు, మండిబజార్."
పేరు లేనిదొకటి:
"ఎర్ర సైకిల్ పిల్లగాడు. రేపిస్తా అన్నడు."
మొత్తం పదకొండు తేలినయ్.

ఓదెలు ఆటో అమ్మి భీవండి పోయిండు.
టీచరమ్మ బదిలీ.
అడుగుదామనుకుంట అనుకుంటనే
అందరి చేతులకు ఫోన్లొచ్చినయ్,
అడిగేదానికి దుకాణమే లేకపాయె.

బిళ్ళలకు జేబులున్నయ్.
తిరిగి రాని బిళ్ళలను ఏ జేబుల వెట్టాలె?
సంచిల ఖాళీ జేబుంటే
కొత్తదని కూడ అనుకోవచ్చు.
ఈ డబ్బాకైతే బొమ్మున్నది, నంబరున్నది,
నడుమ బొడ్డు అరిగి ఉన్నది.

కొమురెల్లి కాంటా వెట్టిండు. నలభై ఏడు కిలోలు.
పక్కకు వెట్టినయి చూసి
"అవి గూడ వెయ్యి అన్నా, ఒత్తయే గద" అన్నడు.
నేను సప్పుడు చెయ్యలే.
స్వరూప మెడల టేపు తీసి
పదకొండింటిని నిలవెట్టి కొలిచింది.
"ఆరంగులాలు. కిటికీ గూట్ల పడతయ్" అన్నది,
జాకెట్ అంచు గుడ్డతోని ముడేసింది.

వచ్చి నెలయింది.
గేటు పడ్డప్పుడల్ల కిటికీల నిలవడి
కింద ఆగిన బండ్ల మీద మొకాలు చూస్త.
ఆ పిల్లగానికి ఇప్పుడు ముప్పై దాటుంటయ్.
గడ్డం పెంచిండంటే
గుర్తువట్టుడు కష్టమే.